శిక్షాదండశబ్దార్థవిమర్శము

తెలుఁగున శిక్షాశబ్దమునకు రెండర్థములు గలవు. నేర్పుట యొకటి, నేరమునకు దండించుట రెండవది. సంస్కృతమున మొదటి యర్థమే ప్రసిద్ధము. వేదాంగము లాఱింటిలో నొకటియగు శిక్ష వర్ణముల స్థానప్రయత్నములను బోధించునదియే కాని యెవ్వనినైనఁ జెఱసాలకుఁ బంపునది కాదు. లోకవ్యవహారమున నీ క్రమము తలక్రిందైనది. శిక్ష యనఁగానే న్యాయస్థానమును సంకెలయుఁ దలఁపునకు వచ్చును. నేర్పుట యను నర్థమునకు శిక్షణ మను రూపమును లోకము వేఱుగా నుంచుకొనవలసివచ్చెను. 1860 వ సంవత్సరమున నేర్పడి 1862 నుండి యమలైన దండశాసనమునకుఁ దెలుఁగువారు భారతశిక్షాస్మృతి యని పేరిడిరి. 2024 జూలై 1 వ తేది మొదలు దాని స్థానమున భారతీయ న్యాయసంహిత ప్రవర్తిల్లుచున్నది. పేరున నున్న శిక్ష తొలఁగి న్యాయము వచ్చినది. కారాగారములను బాలించు శాఖల పేళ్లలో సంస్కరణపదము చేరినది. పేళ్లు మాఱినపు డర్థము మాఱినదా యని విచారించుట శబ్దశాస్త్రము నభ్యసించినవారి పని. ఆ పనికే యీ వ్యాసము పూనుకొన్నది.

ఈ విషయమున రెండు మతములు తఱచుగా వినవచ్చుచున్నవి. మన పూర్వులు దండమును విద్యగా నెంచిరనియు, అందుచేతనే తెలుఁగున శిక్షాశబ్దము దండవాచకమైనదనియు, నేరస్థుని సంస్కరింపవలయునను మాట పరదేశీయులు మనకు నేర్పినది కాదనియు నొక మతము. మన ప్రాచీనదండము కరచరణచ్ఛేదమును శూలారోపణమును దప్ప మఱొం డెఱుఁగదనియు, దయ యనునది నూతనశాసనములతోడనే వచ్చినదనియు రెండవమతము. రెండును గ్రంథములను సగము చదివి చేసిన సిద్ధాంతములు. మొదటి మతమువారు శబ్దమును జూచి వస్తువును మఱచిరి. రెండవమతమువారు కొన్ని దండములను జూచి వానిని గూర్చి మనవారు చేసిన వాదప్రతివాదములను మఱచిరి.

మొదటి మతమును ముందుగాఁ బరీక్షింతము. శబ్దమునకు వ్యుత్పత్తినిమిత్తము వేఱు, ప్రవృత్తినిమిత్తము వేఱు. నడచునది గోవని వ్యుత్పత్తి చెప్పినను నిదురించుచున్న గోవును గోవనియే యందుము. నడచుచున్న మనుష్యుని గోవనము. యోగముకంటె రూఢి బలవత్తరమని శాస్త్రజ్ఞు లంగీకరించినదే. కావున శిక్షయను పేరు పెట్టినంతమాత్రమున దండము విద్య కానేరదు. ఈ యర్థపరిణామము తెలుఁగునకే ప్రత్యేకమును గాదు. కన్నడమునను, మళయాళమునను, మరాఠీయందును శిక్షాశబ్దము దండమునే తెలుపును. హిందీ వంగభాషలలో నది విద్యనే తెలుపును. 2020 లో ఢిల్లీయందలి కేంద్రవిద్యాశాఖకు శిక్షామంత్రాలయ మని హిందీపేరు వచ్చినపుడు, ఆ పేరు విన్న తెలుఁగువాఁ డొకింత జంకియుండును. తెలుఁగువారి పూర్వులు దండమును విద్యగా నెంచిరనుటకు శబ్దమే సాక్ష్యమైనచో, వంగీయుల పూర్వు లట్లెంచలే దనియు నొప్పుకొనవలసివచ్చును. అట్లనువాఁ డెవ్వఁడును లేఁడు.

మఱియుఁ దెలుఁగువాడుక యే యర్థము నెట్లు వేఱుపఱిచినదో చూడుఁడు. దండార్థమున శిక్షను వేయుదురు, విధింతురు, అనుభవింతురు. విద్యను గఱపుదురు, నేర్పుదురు, చెప్పుదురు, వేయరు. సంకెల వేయుదురు, దండుగ వేయుదురు, పన్ను వేయుదురు, కొఱత వేయుదురు. ఆ వరుసలోనే శిక్షయు వేయఁబడుచున్నది. అనఁగా లోకము పేరును మాత్రమే విద్యనుండి తెచ్చుకొని క్రియను బరువునుండి తెచ్చుకొన్నది. క్రియాపదమే వాక్యమునకుఁ బ్రధానమని వైయాకరణుల మతము. ఇచట నా ప్రధానమే శిక్ష బోధనము గాదని చెప్పుచున్నది.

ఇఁక దండశబ్దము. దీనికి మన శాస్త్రకారులు రెండు త్రోవల వ్యుత్పత్తి చెప్పిరి. యాస్కుఁడు నిరుక్తమున ధారణార్థకధాతువునుండి యీ శబ్దమును సాధించి, దమనమువలన దండమని యౌపమన్యవుని మతమును జేర్చెను. గౌతమధర్మసూత్రము దమనపక్షమునే గ్రహించి, అదాంతులను దమింపఁజేయుటకే దండమని ప్రయోజనమును జెప్పెను. ఉణాదులయందును దమధాతువునకు డప్రత్యయము చేర్చియే దండశబ్దమును సాధించిరి. ధాతుపాఠమున నన్ననో చురాదిగణమున దండధాతువు దండనిపాతార్థమునఁ బఠింపఁబడినది. ఒకత్రోవ నడంచుటకును, మఱియొకత్రోవ మోఁదుటకును బోవుచున్నది. మనుష్యుని యింద్రియములను దా నడంచుకొనునట్లు చేయుట దమనము. కఱ్ఱతో మోఁదుట నిపాతము. దండనీతిచరిత్రమంతయు నీ రెండర్థముల పెనుఁగులాటయే యనవచ్చును.

ఈ భేదమును గారకప్రకరణము మఱింత స్పష్టముగాఁ జూపుచున్నది. ద్వికర్మకధాతువులలో దండధాతువును శాసధాతువును రెండును జేరియున్నవి. గర్గులను నూఱు దండించుట యొక యుదాహరణము. మాణవకుని ధర్మమును శాసించుట మఱియొకటి. పైకిఁ జూచిన రెండును నొక్కతీరే. రెంటను మనుష్యుఁ డప్రధానకర్మ. నూఱును ధర్మమును ప్రధానకర్మలు. కాని యకథితకారక మేదియో విచారింపుఁడు. దండించుటయందు గర్గులు నిజమున నపాదానము. నూఱు వారినుండి తొలఁగిపోవుచున్నది. శాసించుటయందు మాణవకుఁడు సంప్రదానము. ధర్మము వానిఁ జేరుచున్నది. దండము మనుష్యునినుండి కొనును, శాసనము మనుష్యున కిచ్చును. ధనమునో, స్వాతంత్ర్యమునో, అవయవమునో, ప్రాణమునో తీసికొని, బదులుగా నేమియు నీయనిదానికి శాసనమను పేరుగాని శిక్షయను పేరుగాని చెల్లదు.

శిక్షధాతువు విషయమున నింకొక విశేషము గలదు. ఇది విద్యోపాదానార్థమునఁ బఠింపఁబడినది. ఆ క్రియకుఁ గర్త గురువు గాఁడు, శిష్యుఁడు. విద్యను గ్రహించువాఁడే శిక్షించుకొనువాఁడు. శకధాతువు సన్నంతమైనపుడును శిక్షయను రూపమే కలుగును. అప్పుడు శక్తుఁడు గావలయునను కోరిక యని యర్థము. రెండు త్రోవలందును గోరిక శిష్యునిది, యత్నము శిష్యునిది. తెలుఁగున శిక్షించు క్రియకుఁ గర్త న్యాయాధిపతి యైనాఁడు, నేరస్థుఁడు కర్మయై మిగిలినాఁడు. కర్తృత్వము పోయినచోట విద్య యెట్లుండును? ఈ ప్రశ్నమును మనస్సున నుంచుకొని గ్రంథములను జూతము.

పతంజలి మహాభాష్యమున వృద్ధిసంజ్ఞావిచారము చేయుచు, సంజ్ఞ సముదాయమునకా, ప్రత్యేకమునకా యను సందేహమున, గర్గులకు నూఱు దండము విధింపఁబడిన లౌకికవాక్యమునే యుదాహరించెను. రాజులకు సువర్ణముపై నపేక్ష. అయినను గర్గుల నొక్కొక్కనిని నూఱు దండింపరు, అందఱికిని గలిపి నూఱు గొందురు అని యాతని యాశయము. శబ్దవిచారమున నాడిన మాటయైనను లోకజ్ఞానము దీనియందుఁ గలదు. ధనదండమున రాజున కర్థలాభము గలదనియు, ఆ లాభమే దండమునకు హేతువయ్యెడి ప్రమాదము గలదనియు నాతఁ డెఱుఁగును. తెలుఁగువారును దీని నెఱిఁగినవారే. దండశబ్దభవమైన దండుగ మొదట రాజునకుఁ జెల్లించు ధనమునకు వాచకము. నేఁడు ఫలములేని వ్యయమున కంతకును వాచకము. చెల్లించినవానికి దానివలన నేమియు రాలేదన్న యనుభవమే యీ యర్థవిస్తారమునకుఁ గారణమై యుండును.

మనుస్మృతి వాగ్దండము, ధిగ్దండము, ధనదండము, వధదండము అను నాలుగింటిని గ్రమముగాఁ బ్రయోగింపు మన్నది. మాటతోఁ దీఱుదానికిఁ గఱ్ఱ నెత్తరాదని దాని తాత్పర్యము. అపరాధము మరలమరలఁ జేయఁబడినదా, ఏ దేశమున నే కాలమునఁ జేయఁబడినది, చేసినవాని శక్తి యెంత యని విచారించి దండింపుమనియు నది చెప్పినది. కౌటిల్యుఁ డంతకంటె స్పష్టముగా, తీక్ష్ణదండుఁడైన రాజు ప్రజల కుద్వేగకరుఁ డగుననియు, మృదుదండుఁడు పరిభూతుఁ డగుననియు, యథార్హదండుఁడే పూజ్యుఁ డగుననియుఁ జెప్పెను. 1909 లో శామశాస్త్రిగారు ముద్రించిన యర్థశాస్త్రమును జదివినవా రిందు స్త్రీపురుషులకు వేఱువేఱు బంధనాగారములు గట్టవలయునను విధియు, బాలురు వృద్ధులు వ్యాధితులు అనాథులు నగు బద్ధులను రాజజన్మనక్షత్రమునను బూర్ణిమలందును విడువవలయునను విధియుఁ గానవచ్చు ననుట నెఱుఁగుదురు. బద్ధున కన్నపానములు నిరోధించినను, వానిని బాధించినను, చంపినను బంధనాగారాధ్యక్షునకు దండము గలదు. చెఱసాలనుగూర్చిన యీ జాగరూకత రెండవమతమువారు చూడనిది. అయినను వీనియందు బద్ధునకు నేర్పవలసిన దేమను ప్రశ్నము లేదు. కౌటిల్యునిది పాలకుని యోగక్షేమములఁ జింతించు శాస్త్రము. దమన మందుఁ గలదు, శాసనము లేదు.

అశోకుని ధర్మశాసనములయం దొక యడుగు ముందునకుఁ బడినది. కర్నూలు జిల్లా యెఱ్ఱగుడి శిలలపై మనకు లభించిన చతుర్దశశాసనములలో నైదవది ధర్మమహామాత్రులను గూర్చినది. బద్ధులను బోషించుటయు, బిడ్డలు గలవారిని వృద్ధులను విడిపించుటయు వారి పనులలోఁ జేర్పఁబడెను. స్తంభశాసనములలో నాలుగవదానియందు వ్యవహారమునను దండమునను సమత్వము పాటింపవలయుననియు, వధదండము విధింపఁబడినవారికి మూఁడుదినముల గడు వీయవలయుననియుఁ గలదు. ఆ గడువులో బంధువులు విన్నపము చేసికొనవచ్చును. లేదా దండితుఁడు దానోపవాసములతోఁ బరలోకమునకు సిద్ధపడవచ్చును. అశోకుఁడు వధదండమును మానలేదు. ఆతనిని దయామయుఁడని స్తుతించువారు దీనిని మఱుగుపఱుపఁ గూడదు. కాని చంపఁబడఁబోవువానికిఁ గూడ మూఁడునాళ్లు కర్తృత్వ మిచ్చెను. అది యల్పమైనను సత్యమైన దానము.

దండప్రయోజనమును సాక్షాత్తుగా వాదమునకుఁ దెచ్చినది మహాభారతశాంతిపర్వమందలి ద్యుమత్సేనసత్యవంతుల సంవాదము. సావిత్రీకథ నెఱిఁగినవారందఱును దీని నెఱుఁగరు. వధ్యులను గొనిపోవుచుండఁగాఁ జూచి సత్యవంతుఁడు తండ్రితో వాదమునకుఁ దొడంగెను. దస్యుని జంపినచో వాని తల్లిదండ్రులును, భార్యయు, బిడ్డలును జంపఁబడినవారే యగుదురు. దుష్టుఁ డొకప్పుడు సాధువువలన శీలమును బొందును. దుష్టునకును సత్సంతానము గలుగును. కావున మూలచ్ఛేదము చేయరా దని యాతని పక్షము. ద్యుమత్సేనుఁడు బదులు చెప్పుచు దండచరిత్రము నొకదానిని గల్పించెను. పూర్వులు మృదుస్వభావులు, వారికి ధిగ్దండమే చాలెను. పిదప వాగ్దండము, పిదప ధనదండము. నేఁడు వధదండముచేతఁ గూడ లోకము నిలుచుట లే దని యాతని మాట. కాలము గడచినకొలఁది దండము తీక్ష్ణమగుట సహజమని తండ్రి, తీక్ష్ణదండమున మూలమునకే నాశమని కొడుకు.

ఈ సంవాదమున మెచ్చవలసినది కొడుకు దయమాత్రమే కాదు, ఆతఁడు చూపిన యుపాయము. అపరాధి పురోహితు నాశ్రయించి మరలఁ బాపము చేయనని పలికినచో విడువవచ్చును; మరలమరలఁ జేసినవాని కాదిలో నిచ్చిన విడుపు చెల్లదు అని నియమము. ఇచట నపరాధియే పలుకవలయును. దండము వానిపైఁ బడుట గాక, వ్రతమును వాఁడే గ్రహించుచున్నాఁడు. శిక్షధాతువునకుఁ గర్త శిష్యుఁడను వైయాకరణుల నియమ మిచటఁ దక్క మనము చూచిన మఱే విధియందును నింత పూర్ణముగా నిర్వహింపఁబడలేదు. తండ్రి యాక్షేపమును గవి తీసివేయలేదు. దస్యువులను జంపక విడిచినచో సాధువుల కెవఁడు దిక్కను ప్రశ్నము నేఁటికిని దీఱలేదు. రెండుపక్షములను నిలిపినందుననే యిది గొప్పవిచారమైనది.

శుద్ధిపక్షము మూఁడవది. రాజుచే దండింపఁబడినవాఁడు నిర్మలుఁడై సుకృతులవలె స్వర్గమునకుఁ బోవునని మనువు. తెలుఁగున దెబ్బలు గొట్టుటకు దేహశుద్ధి యనియు బడితెపూజ యనియుఁ బరిహాసపుఁబేళ్లు గలవు. పరిహాసమైనను సిద్ధాంతము నదే. దండమే ప్రాయశ్చిత్తమైనచో దండితుని సమ్మతితోఁ బనిలేదు. కాని స్మృతులు దండమును బ్రాయశ్చిత్తమును వేఱుకాండములలో నుంచినవి. యాజ్ఞవల్క్యస్మృతి కాచారవ్యవహారప్రాయశ్చిత్తములు మూఁడు విభాగములు. కల్యాణచాళుక్యుల కాలమున విజ్ఞానేశ్వరుఁడు మితాక్షరను రచించి యీ విభాగమునే పాటించెను. పదుమూఁడవశతాబ్దమునఁ గేతన విజ్ఞానేశ్వరీయమని దానిని దెలుఁగుపద్యములలోనికిఁ దెచ్చి యీ విభాగమునే పాటించెను. అభినవదండి యను బిరుదముగల యా కవియే యాంధ్రభాషాభూషణమను వ్యాకరణమును రచించినవాఁడు. శబ్దానుశాసనమును జనానుశాసనమును నొకచేతితో వ్రాసిన కేతన ప్రాయశ్చిత్తమును వ్యవహారమునఁ గలపకుండుట మనకు బుద్ధి చెప్పుచున్నది. ప్రాయశ్చిత్తమును దోషి తా నాచరింపవలయును. దండము నొరుఁడు విధించును. రెండవదానివలన మొదటిదాని ఫలము వచ్చునను మాట దండించువాని మనశ్శాంతికిఁ జెప్పిన మాటగాఁ దోఁచుచున్నది.

శంఖలిఖితుల కథ దీనికిఁ బ్రతికూలము గాదు. అన్న యాశ్రమమునఁ బండ్లు నడుగక తినిన లిఖితుఁడు తానే సుద్యుమ్నమహారాజు నొద్దకుఁ బోయి దండమును గోరెను. రాజు, దండమునకుఁ బ్రమాణమైనవాఁడు క్షమకును బ్రమాణమే యని విడువఁ జూచెను. లిఖితుఁ డొప్పుకొనలేదు. చేతులు ఖండింపఁబడినవి, బాహుదానదిలో మునిఁగినంతఁ దిరిగి కలిగినవి. చేతులు తిరిగివచ్చుట కోరి దండమును బొందినవానికిఁ జెప్పిన ఫలము. కోరనివాని చేతులు నే పురాణమునను దిరిగి మొలవలేదు.

కావ్యములలో మృచ్ఛకటిక మీ విషయమునకు మిక్కిలి యుపయుక్తము. వసంతసేనను జంపెనని శకారుఁడు చారుదత్తునిపై నేరము మోపెను. అధికరణికుఁడు విచారించి, బ్రాహ్మణుఁడు వధ్యుఁడు గాఁడను మనువచనమును విన్నవించి రాజాజ్ఞను గోరెను. పాలకరాజు శూలారోపణము నాజ్ఞాపించెను. చారుదత్తుఁడు నిరపరాధి, వసంతసేన బ్రదికియున్నది. ప్రమాణములన్నియు సరిపోయినట్లు తోఁచినచోటనే న్యాయము తప్పుటను శూద్రకుఁడు చూపినాఁడు. వధ్యశిలకుఁ గొనిపోవు చండాలులలో నొకఁడు, తొందరపడి చంపకు మని మరణకాలమునఁ దన తండ్రి చెప్పిన మాటను దలఁచుకొనును. ఎవఁడైన ధనమిచ్చి విడిపింపవచ్చును, రాజునకుఁ గొడుకు పుట్టవచ్చును, ఏనుఁగు కట్టు త్రెంచుకొనవచ్చును, రాజే మాఱవచ్చును అని యా వృద్ధుని యుపదేశము. రాజు మాఱనే మాఱెను. అధికరణమున లేని యోర్పు వధకుని యింటఁ బరంపరగా వచ్చుచుండుట కవి మనకుఁ జూపిన లోకము.

కడపట శకారుఁడు శరణనఁగాఁ జారుదత్తుఁడు వానిని విడిపించెను. దీనిని నేరస్థుల సంస్కరణమున కుదాహరణముగాఁ జూపుట గలదు. అది సరికాదు. శకారుఁడు మాఱెనని కవి యొకమాటయు ననలేదు. అది క్షమ. క్షమ విడుచువాని గుణము. శిక్ష నేర్చువాని గుణము. దండము, క్షమ, శిక్ష యను మూఁడింటిని వేఱుగా నుంచి చదువనిచో నాటకమును జెడును, నీతియుఁ జెడును.

మొదటి మతమువారు మఱుగుపఱుచునది యొకటి గలదు. దొంగతనమున శూద్రున కెనిమిదింతలు, వైశ్యునకుఁ బదునాఱింతలు, క్షత్రియునకు ముప్పదిరెండింతలు, బ్రాహ్మణున కఱువదినాలుగింతలు దోషమని మనువు చెప్పెను. తెలిసి చేసినవాని దోషము పెద్దదని హేతువు. సామాన్యునకు నొక కార్షాపణము దండమైనచోట రాజునకు వేయి యనియుఁ గలదు. ఈ శ్లోకముల నుదాహరించువారు వాక్పారుష్యప్రకరణమును దెఱవరు. అందు బ్రాహ్మణుఁ బరుషమాడిన శూద్రునకు జిహ్వాచ్ఛేదము. శూద్రుఁ బరుషమాడిన బ్రాహ్మణునకు స్వల్పధనదండము. వధాస్థానమున బ్రాహ్మణునకు ముండనము చాలునట. అశోకుఁడు కోరిన దండసమత యిచట లేదు. ఇది ప్రక్షిప్తమనియో కాలధర్మమనియో త్రోసివేయుట విమర్శకధర్మము గాదు. ఆ విషమత యింకను సమయలేదు. జాతినిబట్టి బద్ధులకుఁ బనులు పంచు కారాగారనియమములు పెక్కురాష్ట్రములలో నిలిచియుండఁగా, అవి రాజ్యాంగవిరుద్ధములని 2024 అక్టోబరు 3 వ తేదిని సుప్రీముకోర్టు తీర్పు చెప్పవలసివచ్చెను. ఊడ్చుట యొకజాతికి, వంట యొకజాతికి ననుచోట బద్ధుఁడు నేర్చుకొన్నది తన జాతినే.

రెండవమతమువారు నూతనశాసనములయందు మొదటినుండియు దయ గలదందురు. చరిత్ర మట్లు చెప్పదు. పూర్వము చెఱసాల ప్రధానముగా నిలిపియుంచు చోటు. దశకుమారచరితమున నపహారవర్మ యున్న చెఱయు నట్టిదే. మనువు రాజమార్గమునఁ జెఱలు గట్టించి పాపకారుల దుఃఖమును జనులకుఁ జూపుమనెను. కారాగారవాసమే ముఖ్యదండమగుట యాంగ్లేయపాలనమున జరిగినది. మెకాలే సభ్యుఁడుగా నుండి 1838 లో నివేదిక నిచ్చిన కారాగారసంఘము బద్ధులకు విద్యచేతను, నీతిబోధచేతను, బహుమానములచేతను మార్పు తెచ్చుటను బుద్ధిపూర్వకముగా నిరాకరించి కఠినమును నీరసమును నైన పనినే మేలని తలఁచెను. 1894 కారాగారశాసన మా పద్ధతికిఁ గట్టుదిట్టము చేసినది. 1919-20 సంఘమే నేరస్థుని సంస్కరించుటను గారాగారప్రయోజనములలోఁ జేర్చినది. కొరడాదెబ్బలు శాసనమునుండి తొలఁగుట 1955 లో. ద్వీపాంతరవాసమునకు బదులు యావజ్జీవకారాగారము వచ్చుటయు నా సంవత్సరపు శాసనముచేతనే. 1958 లో నపరాధిని జెఱకుఁ బంపక సత్ప్రవర్తననియమముపై విడుచు శాసనము వచ్చినది. సత్యవంతుని నియమమున కిది దవ్వుచుట్టము. 1977 లో నాంధ్రప్రదేశమునుండి పోయిన యొక వంచనవ్యాజ్యమునఁ గృష్ణయ్యరు న్యాయమూర్తి దండకాలమును దగ్గించుచు, నేరస్థుని మనుష్యునిగాఁ దిరిగి నిలుపుటయే దండప్రయోజనమని విస్తరించి వ్రాసెను.

నేఁటి స్థితి నీ పరీక్షకుఁ దెత్తము. కేంద్రప్రభుత్వపు 2022 గణనమునుబట్టి కారాగారములలో నున్న 5,73,220 మందిలో 4,34,302 మంది విచారణ ముగియనివారు. నూటికి డెబ్బదియైదుమందికిఁ బైగా నేరము నిర్ణయింపఁబడనివారే. వీరి కిచ్చుచున్నది దండమనుటకు వీలులేదు, నిర్ణయము లేదు గనుక. శిక్షయనుటకు వీలులేదు, నేర్పుటలేదు గనుక. వారినుండి కాలము తీసికొనఁబడుచున్నది, బదు లేమియు రాదు. చారుదత్తున కిట్టిగతి కొంతసేపు పట్టినందులకే మనము కన్నీరు విడుచుచున్నాము. ద్వారముపై సంస్కరణమని వ్రాసినంత నీ లెక్క మాఱదు.

మేలైనవియుఁ గలవు. చర్లపల్లి, అనంతపురము మొదలగుచోట్ల గోడలులేని కారాగారములలో బద్ధులు సేద్యము చేయుచున్నారు. పాఱిపోవుటకు వీలుండియు పాఱిపోకుండుట వారి కర్తృత్వము. దమన మచట వారిచేతిలోనే యున్నది. న్యాయసంహితయందు సమాజసేవ యొక దండముగాఁ జేర్పఁబడినది. అయిదువేల రూపాయలకు లోఁబడిన సొత్తును మొదటిసారి దొంగిలించినవాఁడు సొత్తును దిరిగి యిచ్చినచో నీ దండమే చాలును. వానినుండి కొనుట మాత్రమే గాక వానిచేత నిప్పించుటయు నిందుఁ గలదు. ఆ సేవ వీథి నూడ్పించి నలుగురిలో నవమానించుటయే యైనచో ధిగ్దండము. ఉపయుక్తమైన పనిని నేర్పి చేయించుటయైనచో శిక్ష. శాసనము వాక్యమును మాత్రమే వ్రాసినది. కారకము నిర్ణయించువారు దానిని నడపువారు.

ఈ విచారము పాఠశాలలకును సంబంధించినది. తెలుఁగున శిక్షకు దండార్థము రూఢమగుటకు వీథిబడియే ముఖ్యకారణమని నాయూహ. బడిలో నేర్పుటయుఁ గొట్టుటయు నొకచేతి పనులు. రెంటికి నొకపేరు నిలిచినది. బెత్తము, తొడపాశము, గుంజీలు, గోడకుర్చీ యను దండములతోఁబాటు, పిల్లవానిని ద్రాటితో దూలమునకు వ్రేలాడఁదీయుటకు శ్రీరాముని ధనుస్సు పేరిడి కోదండమనిరి. పాఱిపోవు పిల్లవానికి బొండకొయ్య. చెఱసాలలోని పనిముట్టు బడికి వచ్చినది, బడిలోని పేరు చెఱసాలకుఁ బోయినది. 2009 విద్యాహక్కుశాసనము పిల్లలను గొట్టుటను మనస్సు నొప్పించుటను నిషేధించి 2010 ఏప్రిలు నుండి యమలైనను, బెత్తములేనిదే చదువు రాదనువారు మనలోఁ గలరు. కొట్టఁబడినపు డా పిల్లవాఁ డపాదానమా, సంప్రదానమా యని వారు విచారింతురు గాక. వానినుండి ధైర్యము తొలఁగినదని స్పష్టము. వానికిఁ జేరిన దేదియో చూపవలసిన భారము కొట్టినవారిది.

కాఁబట్టి తేలిన దిది. మన పూర్వులు దండమును విద్యగా నెంచిరనుట పేరును బట్టి చేసిన పొరపాటు. వారికి దయయే లేదనుటయుఁ బొరపాటే. వారి గ్రంథములలో నీ ప్రశ్నము తీఱని వాదముగా నిలిచియున్నది. వాదముగా నిలుపుటయే వారు మనకుఁ జేసిన మేలు. సాధువులను గాపాడుటకు దండము వలయు నను ద్యుమత్సేనుని మాటను నేను గాదనను. దానికి దండమనియే పేరుండవలయును. ఆ పేరుతోనున్నచో, ఎంత కొంటిమి, ఏల కొంటిమి, సమముగాఁ గొంటిమా యని యడుగువాఁ డుండును. శిక్షయనియు శుద్ధియనియు సంస్కరణమనియుఁ బేరుపెట్టినచో నడుగువాఁడు మానును. ఇట్టి పేరును గోరువారు, ఆ చెఱసాలలోఁ జదివినవా రెందఱు, పని నేర్చినవా రెందఱు, విచారణ ముగిసి వెలువడినవా రెందఱు అని ముందుగా లెక్క చూపవలయును. ఆ లెక్క సరిపోయిననాఁడు కేతన వ్రాసిన రెండనుశాసనములకు నొక్కటే ధాతువని యొప్పుకొనుటకు వైయాకరణులకుఁ గూడ నభ్యంతర ముండదు.